పేరు పెట్టని పద్నాలుగు మంది

గెద్ద ఎద్దుమూపు కొండ మీదికి రావడం గుమ్మలబంద ఊరంతా చూసింది. బడి ముందు సున్నంతో గీసిన గుండ్రం చుట్టూ యాభై మంది నిలబడి, మెడలెత్తి, "అదిగో, అదిగో" అన్నారు. తెల్లటి రెక్కలు ఎండలో మెరిశాయి. ఇంకో రెండు నిమిషాల్లో అది కిందికి జారి, గొడుగు కట్టిన పొట్లాన్ని గుండ్రంలో వదిలిపోవాలి. తీరా చూస్తే కొండ నెత్తిన ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, ఆపైన ఎవరో కేకేసి పిలిచినట్టు తూర్పుకి మళ్లి వెళ్లిపోయింది.

గుండ్రం పక్కన నులకమంచం మీద కోసన్న పడుకుని ఉన్నాడు. పొద్దున చోడిచేలో కలుపు తీస్తుంటే రక్తపింజరి కుడిచేతిని పట్టింది. చెయ్యి మోచేతి దాకా ఉబ్బి నల్లబడింది. మంచం పట్టె మీద చెయ్యేసి నిలబడ్డ నర్సు దమయంతి అప్పటికే కంట్రోల్ రూముకి ఫోను కలిపింది.

"గాలి ఎక్కువగా ఉంది మేడమ్. డ్రోన్ భద్రత కోసం వెనక్కి తిరిగింది" అంది అవతలి గొంతు, అప్పజెప్పిన పాఠంలా.

దమయంతి బడి వంటగది వైపు చూసింది. మధ్యాహ్న భోజనం పొయ్యి మీదున్నట్టుంది, పొగ కర్రలాగా నిటారుగా లేస్తోంది. ఫోను పెట్టేసి, "డోలీ కట్టండి" అంది.

"ఎల్లిపోనాదేటి నర్సమ్మా?" అంది బుద్రి. బుద్రి ఆ ఊరి ఆశా కార్యకర్త, పద్నాలుగేళ్లుగా దమయంతికి కుడిభుజం. "అక్కడిదాకా వొచ్చి ఎల్లిపోడమేటి? మన ఊరు కంపు కొట్టినాదా దానికి?"

పదకొండు కిలోమీటర్లు మోసుకుంటూ రోడ్డు దాకా పోయారు. అక్కణ్ణించి జీపులో ఆసుపత్రి. కోసన్న బతికాడు గానీ అతని కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

అలా కొండ దాకా వచ్చి తిరిగిపోవడం అది మూడోసారి.

సర్కారు ఆ యంత్రానికి పెట్టిన పేరు నోరు తిరగనంత పొడుగ్గా ఉంటుంది. కొండ ఊళ్లు దాన్ని గెద్ద అన్నాయి, అదే నిలిచింది. పాత డ్రోన్లలా పిలిస్తే బయల్దేరేది కాదిది. రెక్కల నిండా ఎండ తాగుతూ రోజుల తరబడి గాలిలోనే ఉంటుంది. మైదానంలోని కేంద్రం నుంచి నూట అరవై ఊళ్ల మీద అలాంటివి నాలుగు తిరుగుతుంటాయి. ఒక్కోదాని కడుపులో చల్లటి పెట్టె, అందులో ఎవరికైనా సరిపడే రక్తం రెండు సంచులు, పాము విరుగుడు, రక్తస్రావం ఆపే సూది మందు. నర్సు ఫోనులో ఎర్రమీట నొక్కితే దగ్గరున్నది వచ్చి వాలుతుంది. "ఇక మీ కొండలకి ఆసుపత్రే ఎగిరొస్తుంది" అన్నారు పెద్దసార్లు ప్రారంభం రోజున. ఎగిరొచ్చేది ఉండగా కట్టినదెందుకు అనుకున్నారేమో, నెలలు నిండిన వాళ్లు ముందుగా వచ్చి ఉండే కాన్పుల వసతి గృహాన్ని ఆ ఏడాదే మూసేశారు.

బుద్రి అత్త మాత్రం మొదటి రోజే తేల్చి చెప్పింది. "గెద్ద కోడిపిల్లల్ని ఎత్తుకుపోతాది గానీ, పిల్లల్ని నిలబెట్టడం ఎక్కడైనా సూసినామా?" ముసలిదానికి మతి పోయిందని అప్పుడు అందరూ నవ్వారు, దమయంతితో సహా.

అనుమానం పెనుభూతమంటారు. దమయంతి లెక్కలో మందులిచ్చే చోట అనుమానం సగం వైద్యం. టీకా సీసా మీద తేదీ రెండుసార్లు చూస్తుంది. సూది ప్యాకెట్ వాసన చూసి గానీ విప్పదు. మొగుడు సంతలో చేపలు కొనుక్కొస్తే మొప్పలెత్తి చూస్తుంది. అలాంటి మనిషికి మూడుసార్లు గాలి కథ చెబితే నమ్ముతుందా? చుట్టుపక్కల నర్సులకి ఫోన్లు చేసి ఆరా తీసింది. గుమ్మలబంద నుంచి ఏడు పిలుపులు పోతే మూడు వెనక్కి తిరిగాయి. కొండకి అవతల ఉన్న చీకుపుట్టు నుంచి తొమ్మిది పోతే తొమ్మిదీ వాలాయి. చీకుపుట్టు నర్సు హైమావతి మరిది కంట్రోల్ రూము వాళ్ల జీపు నడుపుతాడు. ఇంకేముంది, అనుమానానికి కాళ్లూ చేతులూ వచ్చాయి.

ఆమె తొందరకి కారణం కోసన్న ఒక్కడే కాదు. బుద్రి కూతురు జమున ఏడు నెలల కడుపుతో ఉంది. మొదటి కాన్పులో రక్తం ఆగక చావు అంచు దాకా వెళ్లి వచ్చిన పిల్ల అది. ఇప్పుడూ ఒంట్లో రక్తం అంతంతమాత్రం. వర్షాలకి రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోయి, జీపు దానికి అవతలే ఆగిపోతోంది. వసతి గృహం లేదు. ఈసారి రక్తం ఆగకపోతే గెద్ద రావాలి, రాకపోతే జమున ఉండదు. ఈ సంగతి దమయంతికి తెలుసు, బుద్రికీ తెలుసు, ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకోలేదు.

నెలవారీ సమావేశానికి కిందికి దిగినప్పుడు దమయంతి సరాసరి కంట్రోల్ రూముకి వెళ్లింది. గోడంతా తెర, తెర నిండా కొండలు, వాటి మీద నాలుగు తెల్ల చుక్కలు. వాటి ముందు ఫణీంద్ర అనే కుర్ర ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. నిద్ర చాలని కళ్లు, టేబుల్ మీద మూడు ఖాళీ టీ కప్పులు.

"కోసన్న రోజున గాలి ఎంతుంది బాబూ?"

"అదీ... ఎక్కువే ఉంది మేడమ్."

"ఎక్కువంటే ఎంత? ఇందులో కనపడుతుంది కదా. నాకూ చూపించు."

అతను వద్దనలేక ఆ రోజుని తెర మీదికి తెచ్చాడు. గాలి దగ్గర గంటకి ఆరు కిలోమీటర్లు అని ఉంది.

"ఆరు. ఆరుకి మా ఊళ్లో మునగాకు కూడా రాలదు. ఎవరు తిప్పమన్నారు? మీ జీపు డ్రైవరా? హైమావతా?"

ఫణీంద్ర ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. లేచి వెళ్లి తలుపు మూశాడు. "మేమెవరం తిప్పలేదు మేడమ్. అదే తిరిగింది."

"అదే అంటే?"

"చూడండి. పదకొండూ ఇరవైకి మీ పిలుపు. నాలుగో నంబరు మీ వైపు మళ్లింది. కొండ మీద ఉండగా ఇంకో పిలుపు, చీకుపుట్టు నుంచి. అక్కడా పాముకాటే. పెట్టెలో విరుగుడు ఒక్కరికే సరిపోతుంది, మిగతా మూడూ చాలా దూరంలో ఉన్నాయి." అతను వేలితో తెర మీద రెండు చుట్లు గీశాడు. "ఇక్కడ తిరిగింది చూశారా, అప్పుడు ఆలోచించుకుంటోంది."

చుక్క పక్కన రెండు అంకెలు వెలిగాయి. గుమ్మలబంద ముప్ఫై ఒకటి. చీకుపుట్టు ఎనభై ఎనిమిది.

"ఏటివి? మార్కులా?"

"అలాంటివే. సాయం అందితే ఆ ఊళ్లో మనిషి బతికే అవకాశం, నూటికి. ఎక్కువున్న చోటికి వెళ్తుంది. ఒక్క పొట్లం వృథా పోకూడదని అలా తయారుచేశారు. బయటికి చెప్పొద్దన్నారు. చెబితే ఊళ్లు కొట్టుకుంటాయని."

"చీకుపుట్టులో కరిచింది జెర్రిపోతు. తర్వాత తెలిసింది నాకు. విషం లేని పాముకి విరుగుడు, రక్తపింజరికి సెలవు. ఇదేనా దీని తెలివి?"

"ఏ పామో దానికి తెలీదు మేడమ్. ఏ ఊరో తెలుసు."

ఆ అంకె ఎక్కడిదని అడిగింది. పదేళ్ల జనన మరణాల రిజిస్టర్లన్నీ దానికి చదివించారట. ఏ ఊళ్లో ఆపదలో ఉన్నవాళ్లు నిలబడతారో, ఏ ఊళ్లో ఎంత చేసినా పోతారో వాటి నుంచే నేర్చుకుందట. ఫణీంద్ర ఒక వరుస చూపించాడు. పుట్టిన తొమ్మిది రోజుల లోపు చనిపోయిన శిశువులు: గుమ్మలబంద పద్నాలుగు, చీకుపుట్టు సున్నా.

"సున్నానా?" అంది దమయంతి. అని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ కొండ ఊళ్లలో బిడ్డకి తొమ్మిదో రోజున పేరు పెడతారు. అప్పటిదాకా బిడ్డ వచ్చినట్టు కాదు, వాకిట్లో నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నట్టు. పేరు పెట్టకముందే పోతే పోయిందనరు. రాలేదంటారు. ఏడవరు, తలుచుకోరు. రాని బిడ్డని లెక్కలోకి ఎక్కిస్తే వెనకొచ్చే బిడ్డ కూడా వాకిట్లోంచే తిరిగిపోతుందని తల్లుల భయం. అందుకని నర్సులెవరూ ఆ చావులు రాయరు. తల్లులు చేతులు పట్టుకుని బతిమాలతారు, నర్సులు సరేనంటారు. రాసేది ఒక్క దమయంతి.

ఎందుకు రాస్తుందో ఊళ్లో పెద్దవాళ్లకి తెలుసు. పదేళ్ల క్రితం గుమ్మలబంద సబ్ సెంటర్లోనే ఆమెకి ఆడపిల్ల పుట్టింది. ఆరు రోజులు ఉంది. చక్కగా పాలు తాగింది, ఎడమచెవి కాస్త మడతపడి ఉండేది, గుడ్డతో తుడుస్తుంటే చిరాకు పడేది. ఆరో రోజు రాత్రి గడిచేసరికి లేదు. అత్తగారు దగ్గర కూర్చుని, "రాలేదనుకోయే అమ్మా" అంది. దమయంతికి ఒళ్లు మండిపోయింది. వచ్చింది, ఆరు రోజులు నా ఒళ్లో ఉంది, రాలేదని ఎలా అంటారు? ఆ మధ్యాహ్నమే లేచి వెళ్లి రిజిస్టరు తెరిచి తన చేత్తోనే రాసింది: పాంగి దమయంతి, ఆడబిడ్డ, ఆరో రోజు మరణం. ఆ బిడ్డ భూమ్మీదికి వచ్చిందనడానికి ఆ ఒక్క వరుస తప్ప ఇంకే ఆనవాలూ లేదు. అప్పటి నుంచి ఏ తల్లి బిడ్డ పోయినా రాసింది. బతిమాలినా రాసింది. శాపనార్థాలు పెట్టినా రాసింది.

"పై వాళ్లకి చెప్పు బాబూ. అక్కడ చావులు లేక కాదు, రాయక."

"నేను చెప్పినా ఇప్పుడు మార్చరు మేడమ్. సమీక్ష ఏడాదికోసారి. మార్చిలో."

"మార్చి దాకా పాములు ఆగుతాయా? కడుపులు ఆగుతాయా?"

ఫణీంద్ర మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. "మీ నమోదులు మీరే సరిచేసుకోవచ్చు. పొరపాటున ఎక్కింది అని ఒక మీట ఉంటుంది. మీ వేలిముద్ర చాలు, అంకె అప్పటికప్పుడే మారిపోతుంది. మీ ఫోనులోనూ ఆ అంకెలు కనపడేలా తెరిచిపెడతాను. నేను చెప్పానని మాత్రం అనకండి."

"అందులో ఒక్కటి కూడా పొరపాటు లేదు" అంది దమయంతి, లేచి నిలబడుతూ.

తిరుగు జీపులో హైమావతి పక్కనే సీటు దొరికింది. దమయంతి కడుపులో ఏదీ దాచుకోలేని మనిషి. తెర మీద చూసినదంతా చెప్పేసి, "మీ ఊరికి సున్నా అట హైమా. ఎంత పుణ్యాత్ముల ఊరమ్మా మీది" అంది.

హైమావతి చిన్నపిల్ల, ముప్ఫై కూడా లేవు. ముఖం ఎర్రబడింది గానీ తల దించలేదు. "నేను అబద్ధం రాయలేదక్కా. అడిగినారు, రాయలేదంతే. బిడ్డ పోయిన తల్లి నా కాళ్ల మీద పడితే, నా ఖాళీ గడి కోసం దాన్ని ఇంకోసారి చంపమంటావా? నువ్వు నీ బిడ్డ కోసం రాసుకున్నావు. మిగతా పదమూడు మందీ నిన్ను రాయమన్నారా?"

దమయంతికి కోపం వచ్చింది. జీపు దిగేదాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుంది. ఈ పిల్లకి ముందే తెలిసుంటుంది, మరిది చెప్పి ఉంటాడు, తెలిసే సున్నా పెట్టుకుంది అని ఒక పక్క అనుమానం గొణుగుతూనే ఉంది.

నెలన్నర తిరిగేసరికి, మూడు వారాలు ముందే, జమునకి నొప్పులు వచ్చాయి. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, అన్నం తింటూ తింటూ కంచం పక్కన పెట్టేసింది. ఇల్లు బడికి ఆనుకునే ఉంది, ఊళ్లో సిగ్నలు అందే చోటు అదొక్కటే. రెండు గంటల్లో మగపిల్లాడు పుట్టాడు. బుజ్జిగా, ఎర్రగా, పుట్టీపుట్టగానే ఊరెగిరిపోయేలా ఏడ్చాడు. బుద్రి నవ్వింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే కింద పరిచిన గుడ్డ తడిసిపోయింది.

దమయంతి దగ్గరున్న సూది మందు ఇచ్చింది. పొట్ట మీద అరచేత్తో నొక్కి మర్దించింది. మెత్తగా జావలా ఉంది పొట్ట, బిగుసుకోవడం లేదు. రెండో గుడ్డా తడిసింది. జమున పెదవులు తెల్లబడ్డాయి.

"బుద్రీ, ఇలా నొక్కు. ఆపకు. నీ చేతులు పడిపోయినా ఆపకు." దమయంతి గడప దగ్గరికి వచ్చి ఎర్రమీట నొక్కింది.

రెండో నంబరు గెద్ద పన్నెండు నిమిషాల దూరంలో ఉందని వచ్చింది. చుక్క ఇటే మళ్లింది. దమయంతి సెలైను ఎక్కించి, నాడి చూసి, మళ్లీ ఫోను చూసింది. ఏడు నిమిషాలు. అయిదు. ఎద్దుమూపు కొండ మీద చుక్క ఆగింది. ఆగి, ఒక చుట్టు మొదలుపెట్టింది. ఫోను మూల ఇంకో ఎర్ర గుర్తు వెలిగింది. చీకుపుట్టు.

చుట్టు ఎందుకు తిరుగుతుందో ఇప్పుడామెకి తెలుసు. తెలియని రోజుల్లోనే నయం.

"నర్సమ్మా, పిల్ల కళ్లు తేలేస్తన్నాది!" లోపల్నుంచి బుద్రి కేక.

హైమావతికి ఫోను చేసి అక్కడ ఎవరికి ఏమైందో అడగొచ్చు. పది క్షణాల పని. దమయంతి అడగలేదు. ఇది కూడా జెర్రిపోతు కాటే అయ్యుంటుంది అనుకుంది. జ్వరమో, విరేచనాలో అయ్యుంటుంది, ఆ పిల్ల అన్నిటికీ ఎర్రమీటే నొక్కుతుంది అనుకుంది. అనుమానం ఇన్నేళ్లలో ఆమెకి ఇంత అక్కరకొచ్చింది ఎప్పుడూ లేదు.

ఫోనులో రిజిస్టరు తెరిచింది, కొత్తవి పైన, పాతవి కింద. మొదటి వరుస: సోమ్రా భార్య, మగబిడ్డ, రెండో రోజు. పొరపాటున ఎక్కింది. వేలు పెట్టమంది ఫోను. పెట్టింది. వేలు తడిగా ఉంది, తుడుచుకోండి అంది. రక్తం. చీర కుచ్చిళ్లకి తుడిచి మళ్లీ పెట్టింది. ముప్ఫై ఒకటి ముప్ఫై నాలుగైంది.

రెండో వరుస, మూడో వరుస. కవలల్లో చిన్నది, ఒక పూట. పొరపాటున ఎక్కింది. ఏడుపు వినిపించని ఆడబిడ్డ, నాలుగో రోజు. పొరపాటున ఎక్కింది. ఒక్కొక్కరూ ఆమెకి గుర్తున్నారు. ఎవరి ఇంట్లో, ఏ కాలంలో, ఏ మూల మంచం మీదో గుర్తుంది. వేలు తుడుచుకుంటోంది, పెడుతోంది. గెద్ద రెండో చుట్టులో పడింది. యాభై రెండు. అరవై తొమ్మిది. గెద్ద ముక్కు తూర్పు వైపు ఒరిగింది. పదమూడో వరుస అయ్యేసరికి ఎనభై ఏడు. చీకుపుట్టు ఎనభై ఎనిమిది.

మిగిలింది ఒకటే వరుస.

పాంగి దమయంతి, ఆడబిడ్డ, ఆరో రోజు.

లోపల బుద్రి ఏడుస్తూ నొక్కుతూనే ఉంది. దమయంతి మీట నొక్కి, వేలు పెట్టి, కళ్లు మూసుకుంది. నువ్వు రాలేదమ్మా అనుకుంది. వచ్చావని అందరితో కొట్లాడాను, ఇప్పుడు నేనే అంటున్నాను, రాలేదు.

కళ్లు తెరిచేసరికి తొంభై ఒకటి. రెండు నిమిషాలకి గుండ్రంలో పొట్లం పడింది. కొత్త శిక్షణలో రక్తం ఎక్కించడం నేర్పారు కాబట్టి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మొదటి సంచి సగం ఎక్కాక పొట్ట రాయిలా బిగుసుకుంది. రెండో సంచి ఎక్కుతుండగా జమున కళ్లు తెరిచి, "ఆకలేస్తంది" అంది. బుద్రి దమయంతి రెండు చేతులూ తీసి కళ్లకద్దుకుంది. దమయంతి చేతులు లాక్కుంది.

దీపాలు పెట్టే వేళకి నర్సుల గ్రూపులో ఒక సందేశం వచ్చింది. చీకుపుట్టు. చంపా, పందొమ్మిదేళ్లు. మొదటి కాన్పు. రక్తస్రావం. తల్లి మరణం. బిడ్డ క్షేమం.

దమయంతి దాన్ని చాలాసార్లు చదివింది. జెర్రిపోతు కాదు, జ్వరం కాదు. ఫోను చేసి ఉంటే హైమావతి నిజమే చెప్పేది. అబద్ధం చెబుతుందన్న అనుమానంతో కాదు తను చేయనిది, నిజం చెబుతుందన్న భయంతో. ఈ సంగతి ఆమెకి అప్పుడే తెలుసు.

మర్నాడు పొద్దున్నే, జమునకి నాడి చూసి, పిల్లాడికి పాలు పట్టించి, గొడుగు తీసుకుని కొండదారి పట్టింది. చీకుపుట్టుకి రెండు గంటల నడక. ఊరి మొదట్లోనే ఒక ఇంటి అరుగు మీద ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నారు. ఒక ముసలామె ఒళ్లో పసిబిడ్డని పెట్టుకుని దూదితో మేకపాలు పడుతోంది. దమయంతి అక్కడ ఆగింది. చెప్పులు విప్పి, అరుగు ఎక్కకుండానే మళ్లీ తొడుక్కుని సబ్ సెంటరుకి నడిచింది.

హైమావతి వరండాలో రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చుంది. కాగితం రిజిస్టరు, అది నిండాకే ఫోనులోకి ఎక్కిస్తారు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"వొచ్చినావా అక్కా. కూకో." పక్కకి జరిగింది. "నా చేతుల్లోనే పోయింది. గెద్ద కొండ మీద తిరగడం కనపడతానే ఉంది. చంపా మొగుడు బయట నిలబడి చేతులూపి పిలిచినాడు దాన్ని. మనిషిని పిలిచినట్టు పిలిచినాడు. ఎందుకు తిరిగిపోనాదో ఎవరూ చెప్పలేదు."

దమయంతి కూర్చోలేదు.

"ఇప్పుడిది రాయాల. తల్లి చావు, దాచడానికి లేదు. రాస్తే మా అంకె పడిపోద్ది, నువ్వు చెప్పినావు కదా. రేపు ఇంకొక చంపాకి ఇలాగే అవుద్ది." హైమావతి కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. "పుట్టింటికాడ పోయినాదని రాసేద్దామనుకుంటన్నాను అక్కా. వాళ్లమ్మ కూడా సరేనంది. తప్పంటావా? నువ్వు తప్పనే అంటావులే."

ఆ క్షణాన దమయంతికి తప్పించుకునే దారి కనిపించింది. మంచి వెడల్పైన దారి. సరే రాసెయ్యి అంటే చాలు. చీకుపుట్టుకి అంకె నిలుస్తుంది, గుమ్మలబందకి అంకె నిలుస్తుంది, పద్నాలుగు మంది లేనట్టే చంపా కూడా ఇక్కడ లేనట్టే. గెద్ద రెండు ఊళ్లకీ వస్తుంది. ఎవరూ ఎవరినీ అడగరు. రెండు ఊళ్ల అబద్ధానికి అవతల ఎక్కడో మూడో ఊరు, ఉన్నదున్నట్టు రాసుకున్న ఊరేదో, ఆకాశంలోకి చూస్తూ నిలబడుతుంది.

"ఇక్కడే పోయిందని రాయి" అంది.

"అక్కా..."

"ఎలా పోయిందో కూడా రాయి. కారణం గడిలో రక్తస్రావం అని వదిలెయ్యకు. నేను చెబుతాను, రాసుకో. చంపాకి రావాల్సిన రక్తాన్ని గుమ్మలబంద నర్సు పాంగి దమయంతి, తన రిజిస్టరులో పద్నాలుగు నిజాలు కొట్టేసి, తన ఊరికి తిప్పుకుంది."

హైమావతి తలెత్తి చూసింది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమవడం ముఖంలో మెల్లగా, నీళ్లు ఇంకినట్టు కనిపించింది. లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకుంది దమయంతి, కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"నాకు ఒక్క ఫోను చెయ్యలేకపోయావా?" అంది హైమావతి.

"చెయ్యలేదు."

"చేసుంటే సంచి ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ... అడిగుంటే..."

"అడిగితే నువ్వు నిజం చెబుతావని తెలుసు. అందుకే అడగలేదు."

అరుగు మీదున్న పసిబిడ్డ ఏడుపు అక్కడికి వినిపించింది. ఇద్దరూ అటు చూడలేదు.

"ఇది రాస్తే నీ ఉద్యోగం పోద్ది. జైల్లో ఏస్తారు."

"అంకెలు రాస్తే యంత్రం చదువుకుంటుంది హైమా. ఈ ముక్క దానికి అర్థం కాదు. ఎవడో ఒక మనిషి కొండెక్కి వచ్చి, కూర్చుని చదవాలి. చదివి నన్నడగనీ. పద్నాలుగు మంది సంగతీ అప్పుడు చెబుతాను. నీ సున్నా సంగతి నువ్వు చెప్పుకో."

హైమావతి మళ్లీ కూర్చుంది. దమయంతి ముఖం వైపు మళ్లీ చూడలేదు. కలం తీసుకుని, చంపా పేరు రాసి, వయసు రాసి, ఊరు దగ్గర చీకుపుట్టు అని రాసింది. కారణం గడి రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. పాంగి దమయంతి అని రాసేసరికే అది నిండిపోయింది. మిగతా వాక్యం పక్క గడిలోకి, ఆ పక్క గడిలోకి, అక్కడా చాలక కిందున్న ఖాళీ వరుసల్లోకి దిగింది. దమయంతి పక్కనే నిలబడి, ఒక్క మాట కూడా తప్పిపోకుండా చెబుతూ వచ్చింది.